ద్రాక్షసారా కూడా సారానే

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసే చదువుకున్న యువతలో ఒక నమ్మకం వేళ్ళూనుకుంది. విస్కీ చెడ్డదట, బీరు పొట్ట పెంచుతుందట, ఫ్రెంచి ఎర్ర వైను మాత్రం గుండెకు మేలు చేస్తుందట. సంస్థల విందుల్లో, పదోన్నతి వేడుకల్లో, కొత్త ఇంటి గృహప్రవేశానికి తెచ్చే కానుకల్లో ఈ సీసా గౌరవస్థానం సంపాదించింది. పొగ మానేసి, నూనె తగ్గించి, ఉదయం నడకకు వెళ్ళే మనిషి కూడా రాత్రి భోజనంతో ఒక గ్లాసు ఎర్ర వైను పుచ్చుకుని, అది కూడా ఆరోగ్య నియమమేనని తృప్తిపడుతున్నాడు. కొందరు వైద్యులు సైతం ‘తాగక తప్పకపోతే వైను తాగండి’ అంటూ ఈ నమ్మకానికి ముద్ర వేస్తున్నారు.

ఈ నమ్మకానికి శాస్త్రీయాధారం లేదు. వైను రుచిని ఇష్టపడి తాగే వయోజనుడితో నాకు తగాదా లేదు. దానిని మందుగా చెలామణి చేసే వాదంతోనే నా తగాదా. ఆ వాదం ఎక్కడ పుట్టిందో, ఎందుకు నిలవదో, మన ప్రాంతపు యువతకు ఎందుకు ప్రత్యేకంగా ప్రమాదకరమో వివరిస్తాను.

సీసాలో ఉన్నదేమిటి?

ఫ్రెంచి ఎర్ర వైను అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది బోర్డో మిశ్రమం. ఫ్రాన్సు నైరుతి భాగంలో జిరోండ్ నదీముఖానికి ఇరువైపులా ఈ తోటలున్నాయి. ఎడమ గట్టున కాబెర్నే సావిన్యోన్ ద్రాక్షది పెద్దవాటా, కుడి గట్టున మెర్లోది. కాబెర్నే సావిన్యోన్ వగరునూ నిలవ ఉండే గుణాన్నీ ఇస్తుంది. మెర్లో మృదుత్వాన్నిస్తుంది. కాబెర్నే ఫ్రాంక్ పరిమళాన్ని, పెటీ వెర్దో గాఢమైన రంగును చేరుస్తాయి. ఈ కలయిక వెనుక సేద్యపు తెలివి కూడా ఉంది. మెర్లో ముందు పక్వమవుతుంది, కాబెర్నే ఆలస్యంగా పండుతుంది. ఒక పంటను వాన చెడగొడితే రెండవది రైతును ఆదుకుంటుంది. 1855లో పారిస్ ప్రదర్శన సందర్భంగా చేసిన శ్రేణి విభజన నేటికీ ధరలను శాసిస్తోంది. ఇది గొప్ప వ్యవసాయ సంప్రదాయమే, కాదనను.

అయితే రసాయన దృష్టితో చూస్తే ఆ సీసాలో సుమారు 85 పాళ్ళు నీరు. 13 పాళ్ళ చుట్టూ ఆల్కహాలు. మిగిలిన రెండు పాళ్ళలో ఆమ్లాలు, గ్లిసరాల్, కొద్దిపాటి చక్కెర, టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు, సువాసనలు ఉంటాయి. రుచి చూసేవారు నల్లరేగు, దేవదారు, తోలు, పొగాకు వాసనలంటూ పొగిడేదంతా ఆ రెండు పాళ్ళ గురించే. కాలేయం చాకిరీ చేయవలసింది 13 పాళ్ళ ఆల్కహాలుకు. దాని దృష్టిలో వెయ్యి రూపాయల సీసాకూ పదివేల రూపాయల సీసాకూ తేడా లేదు.

మనవారికి పరిచితమైన కొలతల్లో లెక్క చెబుతాను. 750 మిల్లీలీటర్ల సీసాలో 13.5 శాతం ఆల్కహాలు ఉంటే అది బరువులో సుమారు 80 గ్రాములు. 42.8 శాతం ఉండే మన విస్కీలో అంత ఆల్కహాలు కావాలంటే 237 మిల్లీలీటర్లు తాగాలి. అంటే ఒక క్వార్టరు, ఆపైన దాదాపు రెండు చిన్న పెగ్గులు. 5 శాతం బీరైతే 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు మూడు. ‘మేమిద్దరం రాత్రి ఒక వైను సీసా పంచుకున్నాం’ అని నాజూకుగా చెప్పుకునే దంపతులు ‘మేమిద్దరం ఒక క్వార్టరు, పైన రెండు పెగ్గులు పంచుకున్నాం’ అని చెప్పి చూడాలి. పదార్థం అదే, మోతాదు అదే. మారినది గ్లాసు ఆకారం.

‘ఫ్రెంచి వైచిత్రి’ కథ

ఫ్రెంచివారు వెన్న, జున్ను, మాంసం దండిగా తింటారు, అయినా వారిలో గుండెపోటు మరణాలు తక్కువగా నమోదయ్యేవి. దీనికి ‘ఫ్రెంచి వైచిత్రి’ అని పేరు వచ్చింది. 1991 నవంబరులో అమెరికాలోని సీబీఎస్ టెలివిజన్ ‘60 మినిట్స్’ కార్యక్రమంలో దీనిని చర్చిస్తూ, ఎర్ర వైను అందుకు కారణం కావచ్చునని సూచించారు. మరుసటి సంవత్సరం అమెరికాలో ఎర్ర వైను అమ్మకాలు 40 శాతానికి పైగా పెరిగాయని చెబుతారు. 1992లో సెర్జ్ రెనో, మిషెల్ ద లోర్జెరిల్ అనే ఫ్రెంచి పరిశోధకులు ‘లాన్సెట్’ పత్రికలో ఈ వాదానికి శాస్త్రీయ రూపమిచ్చారు. ముప్ఫై ఏళ్ళు గడిచినా మన వాట్సాప్ సందేశాల్లో తిరుగుతున్నది ఆ పాత పాటే.

ఆ తరువాత జరిగినది మాత్రం సందేశాల్లో కనిపించదు. 1999లో మాల్కం లా, నికొలస్ వాల్డ్ అనే బ్రిటిష్ పరిశోధకులు ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ఈ వైచిత్రిని విప్పి చూపారు. ఫ్రాన్సులో గుండె మరణాలలో కొంత భాగం వేరే కారణాల కింద నమోదవుతోందని వారు లెక్కకట్టారు. అంతకంటే ముఖ్యంగా, బ్రిటన్‌లో జంతువుల కొవ్వు వాడకం, రక్తంలో కొలెస్టరాల్ దశాబ్దాల ముందే పెరిగాయని, ఫ్రాన్సులో అవి ఆలస్యంగా పెరిగాయని చూపారు. ధమనుల్లో కొవ్వు పేరుకుని గుండెపోటుగా బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది కనుక ఫలితం కూడా ఆలస్యంగానే కనబడుతుందని వారి వాదం. వైచిత్రిలో ఎక్కువ భాగం కాలవ్యవధి వల్ల కలిగిన భ్రమ అన్నమాట.

మనం ఆదర్శంగా చెప్పుకునే ఆ ఫ్రాన్సు స్వయంగా ఏం చేసిందో చూడండి. 1991 జనవరిలోనే ఎవాన్ చట్టం తెచ్చి మద్యం ప్రకటనలకు కళ్ళెం వేసింది. అమెరికా టెలివిజన్ వైనును పొగడటానికి పది నెలల ముందే! అక్కడి ప్రజారోగ్య సంస్థ లెక్క ప్రకారం 2015లో ఆ దేశంలో మద్యం వల్ల సంభవించిన మరణాలు 41 వేలు. రోజుకు రెండు గ్లాసులు మించవద్దని, అదీ ప్రతిరోజూ వద్దని ఆ దేశం తన పౌరులకు చెబుతోంది. 1960 ప్రాంతంలో సగటు ఫ్రెంచి పౌరుడు ఏడాదికి 100 లీటర్లకు పైగా వైను తాగేవాడు. నేడు అందులో సగం కూడా తాగడం లేదు. 2023లో అమ్ముడుపోని వైనును బట్టీపట్టి పరిశ్రమలకు మళ్ళించడానికి అక్కడి ప్రభుత్వం 20 కోట్ల యూరోలు కేటాయించింది. ఫ్రెంచివారు మానుకుంటున్న అలవాటును ఫ్రెంచివారి ఆరోగ్య రహస్యమని మనం నేర్చుకుంటున్నాం.

రోజుకు వంద సీసాల మందు

ఎర్ర వైను సమర్థకుల బ్రహ్మాస్త్రం రెస్వెరట్రాల్. ఇది ద్రాక్ష తొక్కలో ఉండే పదార్థం. 2006లో ‘నేచర్’లో వెలువడిన పరిశోధనలో, కొవ్వు మేత తినే ఎలుకలకు దీనిని పెద్ద మోతాదులో ఇస్తే అవి ఆరోగ్యంగా ఎక్కువకాలం బ్రతికాయి. అక్కడి నుంచి ‘వైను ఆయుష్షు పెంచుతుంది’ అన్న వార్తకు రెక్కలొచ్చాయి.

మోతాదు సంగతి ఎవరూ చెప్పరు. ఎర్ర వైనులో రెస్వెరట్రాల్ సగటున లీటరుకు 2 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుంది. మనుషుల మీద జరిగిన ప్రయోగాల్లో వాడిన మోతాదుల్లో తక్కువ అనదగినది రోజుకు 150 మిల్లీగ్రాములు. అంత రెస్వెరట్రాల్ వైను ద్వారా కావాలంటే 75 లీటర్లు, అనగా రోజుకు వంద సీసాలు తాగాలి. మొదటి పది సీసాలు పూర్తికాకముందే ఆ మనిషికి గుండె గురించిన బెంగ తీరిపోతుంది!

ఇటలీలోని కియాంటీ ప్రాంతం కూడా ఎర్ర వైనుకు ప్రసిద్ధి. అక్కడ 65 ఏళ్ళు దాటిన 783 మంది మూత్రంలో రెస్వెరట్రాల్ అవశేషాలను కొలిచి, వారిని తొమ్మిదేళ్ళు గమనించారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ పదార్థం ఎక్కువ ఉన్నవారికీ తక్కువ ఉన్నవారికీ గుండెజబ్బుల్లో, కాన్సర్లలో, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెస్వెరట్రాల్ గుండెకు మంచిదని ఎన్నో పత్రాలు ప్రకటించిన కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు దీపక్ దాస్ 145 చోట్ల సమాచారాన్ని కల్పించారని, తారుమారు చేశారని ఆ విశ్వవిద్యాలయమే 2012లో తేల్చింది.

ఈ పదార్థం మీద అంత మోజుంటే వేరుశనగలోనూ అది ఉంది. నల్లద్రాక్షలో, నేరేడులో, ఉసిరిలో, వంకాయ తొక్కలో ఇలాంటి వర్ణపదార్థాలు, పాలీఫినాల్స్ పుష్కలం. హైదరాబాదు ఒకనాడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరుపొందిన ఊరు. రాజేంద్రనగర్‌లో ఇప్పటికీ ద్రాక్ష పరిశోధన కేంద్రముంది. ద్రాక్షలోని మేలు కావలసినవారు ద్రాక్షపళ్ళు తినవచ్చు, పులియబెట్టి తాగనక్కరలేదు.

ఆధారాలు ఎటు మొగ్గుతున్నాయి?

మితంగా తాగేవారు అసలు తాగనివారి కంటే ఎక్కువకాలం జీవిస్తారని కొన్ని పాత పరిశీలనల్లో కనిపించిన మాట నిజమే. ఆ తేడాకు కారణం వేరు. ‘తాగనివారు’ అన్న జాబితాలో జబ్బుచేసి మానేసినవారు కూడా కలిసిపోయారు. మితంగా వైను తాగేవారు సగటున ఎక్కువ ఆదాయం, మంచి ఆహారం, మంచి వైద్యం ఉన్నవారు. వారి ఆరోగ్యానికి కారణం వారి స్థితిగతులు. పేరు వైనుకు దక్కింది. ఇటువంటి లోపాలను సవరించి 107 అధ్యయనాలను, 48 లక్షల మంది వివరాలను కలిపి 2023లో విశ్లేషించినప్పుడు, మితంగా తాగేవారికి ఆయుష్షులో చెప్పుకోదగ్గ లాభమేదీ మిగలలేదు. బ్రిటన్‌లో 3,71,463 మంది జన్యు సమాచారంతో చేసిన మరొక పరిశోధన 2022లో వెలువడింది. తక్కువ మోతాదులో కూడా గుండెకు రక్షణ లేదని, మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం వేగంగా పెరుగుతుందని అది తేల్చింది.

మన జాతికి సంబంధించిన సంగతి మరొకటి. 52 దేశాల్లో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనంలో ఇతర ప్రాంతాల వారిలో మద్యానికి కొంత రక్షణ ఉన్నట్లు కనిపించినా, దక్షిణాసియావారిలో అదీ కనబడలేదు. మితమద్యం వాదం పుట్టిన చోట నిలిచినా నిలవకపోయినా, మనకు మాత్రం అది ఎన్నడూ వర్తించలేదు.

నష్టాలు మాత్రం నిర్ధారణ అయినవే. మద్యపానీయాలను అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే కాన్సరు కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న వర్గమే అది. ఆల్కహాలు శరీరంలో అసిటాల్డిహైడ్‌గా మారి కణాల్లోని డీఎన్ఏను గాయపరుస్తుంది. స్త్రీలలో రోజుకు 10 గ్రాముల ఆల్కహాలుకు రొమ్ము కాన్సరు ప్రమాదం సుమారు 7 శాతం పెరుగుతుంది. 150 మిల్లీలీటర్ల గ్లాసు వైనులో ఉండేది 16 గ్రాములు. రోజుకు 12 గ్రాములతోనే గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ప్రమాదం 16 శాతం పెరిగిందని లక్షమందికి పైగా పరీక్షించిన ఐరోపా అధ్యయనం 2021లో చెప్పింది. ఏ గుండె కోసం తాగుతున్నారో ఆ గుండె లయనే అది చెడగొడుతోంది. మద్యానికి సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది.

సైబరాబాదు కాలేయాలు

ఇది మన ఊరి యువతకు ప్రత్యేకంగా ఎందుకు ప్రమాదకరమో చెప్పాలి. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. వారిలో 84 శాతం మందికి జీవక్రియల లోపం వల్ల వచ్చే కొవ్వు కాలేయం ఉంది. 71 శాతం మంది స్థూలకాయులు. అంటే ఒక బల్ల చుట్టూ పదిమంది ఐటీ ఉద్యోగులు కూర్చుంటే ఎనిమిదిమంది కాలేయాల్లో ఇప్పటికే కొవ్వు పేరుకుని ఉంది. ఇది మద్యం తెచ్చిన జబ్బని నేను అనడం లేదు. గంటల తరబడి కూర్చోవడం, నిద్రలేమి, పని ఒత్తిడి, తిండి దీనికి మూలాలు. నేనడిగేది ఒక్కటే. ఇప్పటికే బరువు మోస్తున్న ఆ కాలేయం మీద గుండెమందు పేరుతో ఆల్కహాలు పోయడమేమిటి?

కొవ్వు, మద్యం కలిస్తే నష్టం రెట్టింపు కాదు, అంతకు ఎన్నో ఇంతలు. స్కాట్లాండులో 9,559 మంది పురుషులను దీర్ఘకాలం గమనించిన పరిశోధన 2010లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వచ్చింది. బరువు మించకుండా, మద్యం ముట్టనివారితో పోల్చి చూశారు. వారానికి 120 గ్రాములు, అంతకు మించి ఆల్కహాలు తాగేవారిలో బరువు మించనివారికి కాలేయవ్యాధి మరణాలు మూడు రెట్లు, అధిక బరువున్నవారికి ఏడు రెట్లు, స్థూలకాయులకు దాదాపు 19 రెట్లు. 120 గ్రాములంటే వారానికి ఒకటిన్నర సీసా వైను. రోజుకొక గ్లాసు ‘గుండె కోసం’ పుచ్చుకునేవారు చేరేది సరిగ్గా ఆ అంకె దగ్గరకే.

కాలేయం బాధను మౌనంగా భరించే అవయవం. కొవ్వు చేరినప్పుడు నొప్పి ఉండదు, మచ్చకట్టినప్పుడూ ఉండదు. కామెర్లు, పొట్టలో నీరు కనిపించేనాటికి సగం దారి దాటిపోయి ఉంటుంది. నలభై నిండని వారిలో సిరోసిస్ చూసినప్పుడల్లా, ఇంటిల్లిపాది ‘మా వాడు తాగుబోతు కాదండీ’ అనడం నా వృత్తి జీవితంలో పలుమార్లు విన్నాను. వారి మాట నిజమే. కాలేయానికి మాత్రం తాగుబోతు, మర్యాదస్తుడు అన్న భేదం తెలియదు.

సారా మీద ఒక తీర్పు, వైను మీద ఒక తీర్పు

మన భాష ఈ పానీయానికి ఏనాడో సరైన పేరు పెట్టింది: ద్రాక్షసారా. మన ఊళ్ళలో బ్రాందీ, విస్కీ అమ్మే దుకాణాలకు ‘వైన్స్’ అని బోర్డు పెట్టడంలోనూ తెలియకుండానే ఒక నిజం దాగి ఉంది. రెండూ ఒక కుటుంబమే.

నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకున్న పేదస్త్రీలు 1992లో సారా మీద తిరగబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. మరుసటి ఏడాది నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ కూలితల్లుల మనుమలు, మనుమరాండ్రు కొందరు ఈనాడు ఆ అద్దాల మేడల్లో కొలువు చేస్తూ ఉండవచ్చు. కూలివాని చేతిలో సారా పొట్లం సాంఘిక దురాచారమైతే, ఇంజనీరు చేతిలో ద్రాక్షసారా గ్లాసు సంస్కారమెలా అయింది? ఏళ్ళ తరబడి 150 శాతం దిగుమతి సుంకం పడిన సరుకు కనుక ధర ఎక్కువ. ధర ఎక్కువ కనుక హోదా. హోదా ఉన్నదానికి ఆరోగ్యగుణం కూడా అంటగట్టారు. పేదవాడి మత్తును జబ్బు అన్నాం, కలవారి మత్తును మందు అన్నాం.

కొన్ని అభ్యంతరాలు

‘ఒత్తిడి తగ్గుతుంది కదా’ అంటారు. మద్యం నిద్ర తెప్పిస్తుంది, ఆ నిద్రను రాత్రి రెండవ సగంలో చెడగొడుతుంది. మరునాటి ఒత్తిడికి అది పెట్టుబడి.

‘మధ్యధరా ఆహారంలో వైను ఉంది కదా’ అంటారు. అందులో పప్పుదినుసులు, కూరగాయలు, పండ్లు, గింజలు, చేపలు, ఆలివ్ నూనె ఉన్నాయి. వాటన్నిటినీ విడిచి వైను ఒక్కటే ఏరుకుని, పక్కన బిర్యానీ, కబాబులు పెట్టుకునేది మధ్యధరా ఆహారం కాదు.

‘ఒక్క గ్లాసే కదా’ అంటారు. ఖాళీ కడుపుతో త్వరగా తాగిన ఆ ఒక్క గ్లాసుతో 60 కిలోల పురుషుడి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 35 నుంచి 40 మిల్లీగ్రాముల ఆల్కహాలు చేరవచ్చు. వాహనం నడిపేవారికి చట్టం విధించిన హద్దు 30. స్త్రీలలో ఇంకా ఎక్కువ చేరుతుంది. గచ్చిబౌలి వంతెన మీద శ్వాస పరీక్ష చేసే పోలీసుకు అది బోర్డోనా బీరా అన్నది అనవసరం.

కర్తవ్యం

మద్యం సీసా మీద ఆరోగ్యగుణాలు ముద్రించరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నిబంధనలు నిషేధించాయి. హానికరమన్న హెచ్చరికను తప్పనిసరి చేశాయి. సీసా మీద రాయడానికి వీలులేని మాటను వైద్యుడు నోటితో చెప్పడం తగదు. తోటి వైద్యులకు నా విన్నపం ఇదే. మితంగా తాగమనడం వేరు, మేలని తాగమనడం వేరు. ఉద్యోగుల ఆరోగ్యం కోసం శిబిరాలు పెట్టే సంస్థలు, అదే వారంలో వైను రుచుల సాయంత్రాలు ఏర్పాటుచేసే ముందు ఆ 84 శాతం అంకెను గుర్తు చేసుకోవాలి.

పాఠకులకు నా సలహాలివి. తాగని వారు గుండె కోసమని మొదలుపెట్టవద్దు. తాగేవారు గ్లాసులు మాని గ్రాములు లెక్కించండి: మిల్లీలీటర్లను ఆల్కహాలు శాతంతో హెచ్చవేసి, వచ్చినదానిని 125తో భాగిస్తే దాదాపుగా గ్రాములు వస్తాయి. కొవ్వు కాలేయం, మధుమేహం, అధిక రక్తపుపోటు, రక్తంలో హెచ్చు ట్రైగ్లిసరైడ్లు, గుండె లయ దోషం ఉన్నవారు, గర్భిణులు పూర్తిగా మానండి. వైద్యుడు ‘తాగుతారా’ అని అడిగితే వైనును మినహాయించి ‘లేదు’ అని చెప్పవద్దు. మందులు, మత్తుమందు మోతాదులు నిర్ణయించడంలో అది ముఖ్యం. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు. వారు వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో అందుకు విభాగముంది. టెలీమానస్ సంఖ్య 14416కు ఫోను చేసినా దారి చూపుతారు.

గుండెకు మేలు చేసేవి మనకు తెలియనివి కావు. పొగ మానడం, రోజూ అరగంట నడక, కంటినిండా నిద్ర, ఉప్పు, చక్కెర, వేపుళ్ళు తగ్గించడం, రక్తపుపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షించుకుని అదుపులో ఉంచుకోవడం. వీటిలో దేనినీ బోర్డో నుంచి దిగుమతి చేసుకోనక్కరలేదు.